శిక్షణ పూర్తయినా బుట్టలు గదిలోనే ఉన్నాయి, ఏం చేయాలి?

జమ్ముబుట్ట:
అందరికీ నమస్కారం. మేము పద్నాలుగు మంది ఆడవాళ్లం, జమ్ముతో మూత బుట్టలు అల్లుతాం. ఈ పని మాకు తల్లుల దగ్గర అబ్బింది. ఆరు నెలల కిందట ఒక సంస్థ వాళ్లు పది రోజులు వ్యాపార శిక్షణ ఇచ్చారు. జమాఖర్చులు, లాభనష్టాలు, ప్రచారం అన్నీ చెప్పారు. చదువు అంతగా రానివాళ్లు కూడా పక్కవాళ్ల చేత రాయించుకున్నారు. ఇప్పుడు అరవై బుట్టలు ఒక గదిలో పేర్చి ఉన్నాయి, కొన్నిటికి బూజు పట్టింది. ఒక వ్యాపారి తీసుకుంటానన్నాడు గాని, అమ్ముడుపోయాకే డబ్బు ఇస్తాడట. నలుగురు అల్లిక మానేసి కూలికి వెళ్తున్నారు. పొద్దుగూకేసరికి చేతికి డబ్బు వచ్చే పని అది, వాళ్లను తప్పుపట్టలేను. అదే సంస్థ మళ్లీ శిక్షణ పెడతానంటోంది. ఒప్పుకోమంటారా?

దారపుకండె:
మంచి ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టండి. చేతిపనిని ఇష్టపడి కొనేవాళ్లు ఉన్నారు.

ముప్పేట:
ఫొటోల సంగతి తర్వాత. ముందు ఒక బుట్ట మూత తీసి మరో బుట్టకు పెట్టి చూడండమ్మా. సరిపోతుందా? పంతొమ్మిదేళ్లుగా అల్లికపని బృందాల మధ్యే ఉన్నాను. ఫొటో చూసి ఎవరో నలభై బుట్టలు అడగడం, అవి నలభై కొలతల్లో తయారుకావడం, సగం తిరిగి రావడం కళ్లారా చూశాను. ఆ రోజు ఒకావిడ తన బుట్టలను ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. లోపం ఆమె చేతిలో లేదు, ఆమెకు కొలత ఎవరూ ఇవ్వలేదు. వడ్రంగి చేత చెక్క అచ్చు ఒకటి చేయించండి. అందరూ దాని మీదే అల్లాలి.

తర్వాత గంటలు. బుట్టకు ఎంతసేపు పడుతుందని అడిగితే అల్లే సమయం ఒక్కటే చెబుతారు. జమ్ము కోయడం, ఎండబెట్టడం, చీల్చడం, తడపడం లెక్కలోకి రావు. మేము గంటకొక గింజ చొప్పున డబ్బాలో వేయించాం. ఒక్కరోజు పని అనుకున్న బుట్టకు పదిహేడు గింజలు తేలాయి. ఆ గింజలు లెక్కపెట్టాక బేరంలో వాళ్లు మునుపటిలా దిగిరాలేదు.

ఇక ఆ వ్యాపారి. అమ్ముడయ్యాక ఇస్తానంటే అతని కొట్టుకు పెట్టుబడి మీరు పెడుతున్నారన్నమాట. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె స్త్రీల చేత పట్టు పని చేయించినప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది. కొన్నవాళ్లు నెలల తరబడి డబ్బు ఇచ్చేవారు కాదు. సరుకు అప్పగించగానే ఆ స్త్రీల చేతిలో డబ్బు పెట్టడానికే 1978లో బ్రాక్ ‘ఆరోంగ్’ అనే సొంత దుకాణం తెరిచింది. మీరు దుకాణం పెట్టలేకపోవచ్చు. సగం బయానా అయినా అడగండి. ఇవ్వనంటే పది బుట్టలకు మించి ఇవ్వకండి.

శిక్షణ పెట్టాలంటే ముందు ఒక ఆర్డరు తెమ్మని ఆ సంస్థను అడగండి. ఈజిప్టులోని ఫువాలో తివాచీలు నేసేవాళ్లకు విదేశీ ఆర్డర్లు ఇప్పించి పరిశోధకులు గమనించారు. లాభం పెరిగింది, నేతలో నాణ్యతా పెరిగింది. కొనేవాడి కొలతకు నేస్తూ నేస్తూ చేయి తిరిగింది వాళ్లకు. పుస్తకంలో రాసుకున్నది అలా చేతికి ఎక్కదు.

పొదుపులెక్క:
ముప్పేట గారి మాటలో చాలావరకు నిజం. కానీ శిక్షణలన్నీ ఒక్కటి కావు. టోగోలో 1,500 చిన్న వ్యాపారాలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. మామూలు వ్యాపార పాఠాల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చొరవ తీసుకోవడం, అడ్డంకి వస్తే మరో దారి వెతకడం నేర్పిన వాళ్లకు మాత్రం లాభం 30 శాతం పెరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లోనూ పూర్తి పద్దుల పాఠాల కంటే, ఇంటి డబ్బూ వ్యాపారపు డబ్బూ కలపొద్దు వంటి చిన్న చిన్న సూత్రాలే ఎక్కువ పనిచేశాయి. రెండు డబ్బాలు చాలు, పెద్ద పుస్తకం అక్కర్లేదు. కాబట్టి వద్దనేముందు ఏం నేర్పుతారో అడగండి.

జమ్ముబుట్ట:
మూతలు మార్చి చూశాం. అరవైలో పదకొండే ఒకదానికొకటి సరిపోయాయి. మొదట నవ్వుకున్నాం, తర్వాత ఎవరికీ మాట రాలేదు. అచ్చుకు వడ్రంగితో మాట్లాడాను. ఆర్డరు తెస్తేనే శిక్షణకు వస్తామని ఆ సంస్థకు కబురు పంపాం. గింజల డబ్బా నిన్నటి నుంచి మొదలైంది. మానేసిన నలుగురిలో ఒకామె చూడటానికి వచ్చి, బుట్ట అందిన రోజే డబ్బిస్తారా అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. పదిమందిమి కలిసి ఒక నిధి పెట్టుకుంటే కుదురుతుందా?

ముప్పేట:
కుదురుతుంది. ముందు ఆ పదకొండు బుట్టలు అమ్మండి. వచ్చిన డబ్బు పంచుకోకుండా నిధిలో వేసి, మొదటి చెల్లింపు ఆమెకే చేయండి. ఆమెకు డబ్బు అందిందని తెలిస్తే మిగతా ముగ్గురూ తప్పక ఆలోచిస్తారు. బూజు పట్టినవి తుడిచి ఎండలో పెట్టండి, అల్లే ముందు తడిపిన జమ్ము బుట్ట పూర్తయ్యాక బాగా ఆరాలి. ఆరకముందే మూత పెట్టకండి.