ఫైకోసయనిన్ జన్యువులు కణంలో ఎక్కడ ఉంటాయి?

ప్రశ్న: స్పైరులినా పొడిని నీళ్లలో నానబెడితే దిగే నీలిరంగు ఫైకోసయనిన్ అనే ప్రోటీన్‌దని చదివాను. ఆకుపచ్చ శైవలాల్లో కాంతిని గ్రహించే ప్రోటీన్ల జన్యువులు కేంద్రకంలో ఉంటాయి. మరి స్పైరులినా వంటి, కేంద్రకమే లేని సయనోబాక్టీరియాలోను, కేంద్రకం ఉన్న ఎర్ర శైవలాల్లోను ఫైకోసయనిన్ జన్యువుల అమరిక ఎలా ఉంటుందో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు: సయనోబాక్టీరియాలో ఫైకోసయనిన్‌లోని బీటా, ఆల్ఫా అనే రెండు ఉపభాగాల జన్యువులైన సీపీసీబీ, సీపీసీఏ ఒకే ఆపెరాన్‌లో (కలిసి పనిచేసే జన్యువుల వరుసలో) పక్కపక్కనే, బీటాది ముందుగా ఉండి, కలిసే అనులేఖనం చెందుతాయి (ఆర్‌ఎన్‌ఏగా నకలవుతాయి). వాటి నడుమనున్న చిన్న భాగపు క్రమం రకాన్ని బట్టి మారుతుంది కనుక, చెరువు నీటిలోని సయనోబాక్టీరియాను వేరుచేసి గుర్తించడానికి పరిశోధకులు ఆ భాగాన్నే పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కకు అనేక నకళ్లు తీసే పద్ధతితో) పెంచి చూస్తారు. ఎర్ర శైవలాల్లో ఈ జన్యువులు హరితరేణువు డీఎన్‌ఏలోనే నిలిచిపోయాయి.

రెండో జవాబు: పై జవాబుకు ఒక చేర్పు. నా దృష్టిలో అన్నింటికంటే విచిత్రమైనవి క్రిప్టోఫైట్లు అనే ఏకకణ శైవలాలు. ఫైకోసయనిన్‌కు బంధువైన ఎర్రరంగు ప్రోటీన్ ఫైకోఎరిథ్రిన్ వాటిలో ఉంటుంది; దాని బీటా ఉపభాగపు జన్యువు హరితరేణువులోను, ఆల్ఫాది కేంద్రకంలోను ఉంటాయి.

మూడో జవాబు: అయితే జన్యువు ఉన్నంత మాత్రాన రంగు వచ్చేయదు. హీమ్ అనే ఇనుము గల అణువు నుంచి వేరే ఎంజైములు తయారుచేసిన బిలిన్ అనే రంగు అణువు, ప్రోటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కున్నాకే అది కాంతిని పట్టగలదు. పైగా ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో కాంతే నిర్ణయించే సందర్భాలున్నాయి: ఫ్రెమియెల్లా డిప్లోసైఫాన్ అనే సయనోబాక్టీరియాను ఆకుపచ్చ కాంతిలో పెంచితే ఫైకోఎరిథ్రిన్ పెరిగి ఎర్రబారుతుంది, ఎర్ర కాంతిలోకి మారిస్తే ఫైకోసయనిన్ పెరిగి నీలిఆకుపచ్చగా మారుతుంది.