హోమ్‌లో జరిగినదానికి ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

వానమబ్బు
నాకిప్పుడు 23 ఏళ్లు. ఎనిమిదో ఏట అమ్మ పోయాక సీడబ్ల్యూసీ (జిల్లా బాలల సంక్షేమ కమిటీ) వాళ్లు నన్ను ఒక చిల్డ్రన్ హోమ్‌లో చేర్చారు. పద్దెనిమిది నిండేదాకా అక్కడే ఉన్నాను. 2015లో, నాకు పదమూడేళ్లప్పుడు, అక్కడ పనిచేసే ఒకాయన నాతో ఏం చేసేవాడో ఇక్కడ రాయలేను. రాయకపోయినా అర్థమవుతుంది కదా. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల అదే హోమ్‌లో ఉంటున్న పిల్లాడు ఒకడు ఫోన్ చేసి "అన్నా, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

ఇప్పుడు వెళ్తే పోలీసులు కేసు తీసుకుంటారా? నేను మగవాణ్ణి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుందా? లాయర్‌కి ఫీజు కట్టే స్తోమత లేదు. పేరు బయటికొస్తే ఉన్న ఉద్యోగం కూడా పోతుందేమోనని టెన్షన్.

ఊరికే_చదివేవాణ్ణి
తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు. పదేళ్లయింది, సాక్ష్యం ఏముంటుంది? కోర్టు చుట్టూ తిరిగి నువ్వే నలిగిపోతావు. వదిలేసి నీ బతుకు చూసుకో.

పీఎల్‌వీ_అక్క
నేను మా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌ని. లాయర్‌ని కాను, చూసినంత వరకే చెప్తాను.

పోక్సో చట్టంలో చైల్డ్ అంటే 18 లోపు వాళ్లెవరైనా. ఆడ, మగ తేడా లేదు. ఆ చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది, నీది 2015 కాబట్టి దాని కిందికే వస్తుంది. ఇక గడువు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 468, దాని బదులు ఇప్పుడున్న బీఎన్ఎస్ఎస్‌లో 514. హోమ్ సిబ్బందే చేస్తే చట్టం దాన్ని ఇంకా తీవ్రమైన నేరంగా చూస్తుంది, కాబట్టి గడువు అడ్డు రాదు. మాటలతో, సైగలతో వేధించడం ఒక్కటే అయితే గరిష్ఠ శిక్ష మూడేళ్లే, అక్కడ గడువు సమస్య ఉంటుంది. ఇంకోటి, 2019లో శిక్షలు పెంచారు కానీ అవి నీ కేసుకి పనికిరావు. నేరం జరిగిన రోజున ఉన్న శిక్షే లెక్క.

లాయర్ సంగతిలో చాలామంది పొరబడతారు. లీగల్ ఎయిడ్ చట్టం సెక్షన్ 12 కింద స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు లాంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 18 దాటిన మగవాళ్లకు, ఆ వర్గాల్లో లేకపోతే, ఆదాయ పరిమితి చూస్తారు. నీ జీతం స్లిప్ పట్టుకెళ్లు. ముందు ఫోన్లో అడగాలంటే లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100.

నీలిగాజు
చదివేవాణ్ణి గారూ, వదిలెయ్ అనడం తేలికే. ఆ హోమ్‌లో ఇంకో పిల్లాడు ఉన్నాడని ఆయన రాశాడు, చూశారా?

నాది హోమ్ కాదు, ఫోస్టర్ కుటుంబం. దత్తత అనుకుని అందరూ కంగ్రాట్స్ చెప్పారు. దత్తత వేరు, ఫోస్టర్ వేరు. ఫోస్టర్ అంటే సీడబ్ల్యూసీ ఆర్డర్ మీద కొంతకాలానికి పెంచమని ఇవ్వడం, అంతే. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 44 ప్రకారం కమిటీ ప్రతి నెలా వచ్చి పిల్ల ఎలా ఉందో చూడాలి. నా దగ్గర రెండేళ్లలో వచ్చింది మూడుసార్లు. వచ్చినప్పుడు కూడా నన్ను పెంచే ఆ ఇంటాయన పక్కనే కూర్చుని ఉంటే "బాగున్నావా" అని అడిగేవాళ్లు. ఏం చెప్తాను? చివరికి కమిటీ ఫైల్లో వాళ్లు రాని నెలల ఖాళీ పేజీలే నా కేసులో పనికొచ్చాయి. నన్నెవరూ విడిగా కలవలేదని ఫైలే చెప్పింది.

కాబట్టి ముందు నీ ఫైల్ తెచ్చుకో. హోమ్‌లో చేర్చినప్పటి కమిటీ ఆర్డర్, ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్ (నీ సంరక్షణ కోసం రాసిన ప్రణాళిక), హోమ్ వదిలినప్పుడు ఇచ్చిన కాగితం, హెల్త్ కార్డ్. కమిటీకి రాసి అడుగు. ఇవ్వకపోతే ఆర్‌టీఐ వెయ్యి, 30 రోజుల్లో జవాబు రావాలి. హోమ్‌ని మాత్రం నేరుగా అడగకు. నేనలా అడిగితే వాళ్లు ముందే జాగ్రత్తపడ్డారు.

గట్టుమీద_చెట్టు
నేనూ హోమ్ పిల్లాణ్ణే. మా కేసులో ముగ్గురం నిలబడ్డాం, ఇద్దరు మధ్యలో వెనక్కి తగ్గారు. వాళ్లని నేనేం అనను.

"ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావు?" అని ముందు పోలీసులు అడుగుతారు, తర్వాత కోర్టులో ఎదుటి లాయర్ నాలుగు రకాలుగా అడుగుతాడు. నేను మొదటిసారి తలదించుకుని ఏదో గొణిగాను. మా పీపీ (ప్రభుత్వ లాయర్) గారు తర్వాత పక్కకి పిలిచి, "నీకు అన్నం పెట్టేది ఆయన చేతుల్లో ఉంటే ఎవరికి చెప్తావురా? అదే చెప్పు" అన్నారు. రెండోసారి అదే చెప్పాను. జడ్జి గారు రాసుకున్నారు.

తేదీలు గుర్తులేకపోయినా కంగారుపడకు. నాకూ గుర్తులేవు. ఏ క్లాసు, పరీక్షలకు ముందా తర్వాతా, అప్పుడు వార్డెన్ ఎవరు, పక్క మంచం ఎవరిది, ఇవి రాసుకో. ఒక్కరోజులో కూర్చుని రాయకు, మనిషి విరిగిపోతాడు. నేను నెల పట్టించాను. గుర్తులేనిది ఊహించి మాత్రం రాయకు, ఎదుటి లాయర్ క్రాస్ ప్రశ్నల్లో దొరికిపోతాం.

మాది తీర్పు రావడానికి నాలుగేళ్లు పైనే పట్టింది. చట్టంలో వీలైనంత వరకు ఏడాది అని రాసి ఉంటుంది. ఉంటుంది, అంతే.

వానమబ్బు
అందరికీ థాంక్స్. ఆ పిల్లాడి గురించి నేనేం చెయ్యాలి? వాడేం జరిగిందో చెప్పలేదు. నాకు అనుమానమే. వాడి పేరు చెప్పి వాణ్ణి ఇరికించినట్టు అవుతుందా?

పీఎల్‌వీ_అక్క
ఇది ఆగే విషయం కాదు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగొచ్చని అనుమానం ఉన్నవాళ్లు కూడా పోలీసులకు తెలియజేయాలి. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. తెలిసీ దాస్తే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా. చెప్పనందుకు పిల్లాడి మీద మాత్రం ఏ చర్యా ఉండదు. ఈ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. నీ కేసు పెట్టడానికి నెల ఆలోచించుకో, తప్పులేదు. వాడి విషయం అలా కాదు.

వాణ్ణి నువ్వు ఏమీ గుచ్చిగుచ్చి అడగకు. వాడి స్టేట్‌మెంట్ వాడు కోరుకున్న చోట, యూనిఫాం లేని అధికారి, వాడు నమ్మే మనిషి పక్కన ఉండగా తీసుకోవాలి. కేసు పొడుగునా వాడికి తోడుండే సపోర్ట్ పర్సన్‌ని కమిటీ ఇస్తుంది.

ఊరికే_చదివేవాణ్ణి
ఆ పిల్లాడి లైను నేను సరిగ్గా చదవలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కోర్టుమెట్లు
పేరు గురించి అడిగారు కదా. పోక్సో కేసులో బాధితుల పేరు, ఫొటో, స్కూల్, ఊరు ఏదీ మీడియా బయటపెట్టకూడదు. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఈ ఎఫ్ఐఆర్‌లను పబ్లిక్‌లో పెట్టొద్దని కూడా చెప్పింది. విచారణ తలుపులు మూసి జరుగుతుంది. నిజం చెప్పాలంటే లీకయ్యేది కోర్టులో కాదు, స్టేషన్ బయట టీ తాగేచోట. అందుకే మాకు తెలిసినవాళ్లు వేరే ఊళ్లో జీరో ఎఫ్ఐఆర్ వేశారు. ఏ స్టేషన్‌లోనైనా వెయ్యొచ్చు, తర్వాత వాళ్లే బదిలీ చేస్తారు. తీసుకోకపోతే ఎస్‌పీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

నీలిగాజు
పరిహారం మాట ఎవరూ ఎత్తలేదు. తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ అయ్యాక స్పెషల్ కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. నిందితుణ్ణి వదిలేసినా, దొరక్కపోయినా, నష్టం జరిగిందని కోర్టు నమ్మితే ఇవ్వొచ్చు. పోక్సో రూల్స్ 2020లో రూల్ 9. ఆర్డర్ అందాక 30 రోజుల్లో డబ్బు వేయాలని ఉంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది, అదీ లీగల్ ఎయిడ్ లాయర్ మేడమ్ మళ్లీ మెమో వేస్తే. ఎవరైనా "పరిహారం ఇప్పిస్తాం, అందులో వాటా" అంటే దూరంగా ఉండు. నా దగ్గరికి ఇద్దరు వచ్చారు.

వానమబ్బు
నిన్న 1098కి చేశాను. చేతులు వణికాయి, కానీ అవతల మేడమ్ తొందరపెట్టలేదు. ఈ రోజు కమిటీ వాళ్లు హోమ్‌కి వెళ్లారని తెలిసింది, అంతకన్నా తెలీదు.

నా సంగతికి రేపు పదకొండింటికి లీగల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్తున్నా. ఆధార్, టెన్త్ మెమో (వయసు కోసం), జీతం స్లిప్, నేను రాసుకున్న ఆరు పేజీలు పెట్టుకున్నాను. ఇంకేమైనా కావాలా?

గట్టుమీద_చెట్టు
ఆ ఆరు పేజీలకి జిరాక్స్ తీసి ఒరిజినల్ ఇంట్లో పెట్టు. రెండు ఫొటోలు పెట్టుకో. నీది ఏ జిల్లానో మెసేజ్ చెయ్యి, సెలవు దొరికితే నేనూ వస్తా. బయట బెంచీ మీద కూర్చుంటా.