లెస్టర్ కౌన్సిల్ ఎన్నికలు 2023: మతం ఓటా, టికెట్ల తగాదానా?

(ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరం గురించి ఒక ఆన్‌లైన్ చర్చ. ఒక్కో మాట పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

నార్‌బరో రోడ్

మా లెస్టర్ తెలుగువాళ్ల గ్రూపులో ఎన్నికల మాట ఎప్పుడొచ్చినా ఒకటే పాట. 2022 సెప్టెంబర్‌లో ఊళ్లో హిందూ ముస్లిం గొడవలు జరిగాక హిందువులంతా కట్టకట్టుకుని కన్సర్వేటివ్‌లకు గుద్దేశారని, 2023లో లేబర్ దెబ్బ తినడానికి అదొక్కటే కారణమని. ఎవరో ఆ మాట అంటారు, మిగతావాళ్లు తలూపుతారు, అక్కడితో అయిపోతుంది. నాకు అది తీరిగ్గా ఆలోచించి అన్న మాటలా కనిపించదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

తెలియనివాళ్ల కోసం ముందు లెక్కలు. లెస్టర్ నగర కౌన్సిల్‌లో 54 సీట్లు. నాలుగేళ్లకోసారి అన్నిటికీ ఒకేసారి ఎన్నిక. 2019లో లేబర్‌కు 53, లిబరల్ డెమొక్రాట్లకు 1. కన్సర్వేటివ్‌లకు సున్నా. 2023 మే 4న లేబర్ 31కి పడిపోయింది, కన్సర్వేటివ్‌లు 17 గెలిచారు, లిబరల్ డెమొక్రాట్లకు 3, గ్రీన్‌లకు 3. అదే రోజు ఇంగ్లండ్ మొత్తం మీద కన్సర్వేటివ్‌లు వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకున్నారు, స్థానిక సంస్థల్లో లేబర్ రెండు దశాబ్దాల తర్వాత అతిపెద్ద పార్టీ అయింది. దేశమంతా ఒక తీరు, మన ఊరు ఇంకో తీరు.

నా వాదన ఇది. పోలింగుకు కొన్ని వారాల ముందు లేబర్ పార్టీ 19 మంది సిట్టింగ్ కౌన్సిలర్లకు టికెట్లు నిరాకరించింది. స్థానిక పార్టీ చేతిలోంచి ఎంపికను లాగేసుకుని పైవాళ్లే పేర్లు ఖరారు చేశారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆసియన్లు, ఏళ్ల తరబడి వార్డుల్లో పెళ్లికీ చావుకీ వెళ్లినవాళ్లు. వాళ్లలో కొందరు కన్సర్వేటివ్‌ల తరఫున దిగారు, కొందరు స్వతంత్రులుగా నిలబడ్డారు. బీ ఫారం దక్కని కార్పొరేటర్ ఏం చేస్తాడో మనకెవరూ చెప్పక్కర్లేదు కదా. దీన్ని మతం అనడం ఎందుకు?

బెల్‌గ్రేవ్ బావ

టికెట్ల గొడవే అసలు కారణమైతే దెబ్బ ఊరంతా సమానంగా తగలాలి. తగిలిందా? కన్సర్వేటివ్‌లు ఎక్కడ గెలిచారో చూడండి. బెల్‌గ్రేవ్, రషీ మీడ్, నార్త్ ఎవింగ్టన్. తూర్పు వైపు అంతా. గోల్డెన్ మైల్ అనే మనవాళ్ల దుకాణాల వీధి మీద దీపావళి దీపాలు వెలిగే వార్డులు. దశాబ్దాలుగా లేబర్ పెట్టని కోట అది. అక్కడ కన్సర్వేటివ్ జెండా ఎగిరిందంటే టికెట్ పోయిన నలుగురైదుగురి పలుకుబడే అంటారా?

ఇంకో సంగతి, దీనికి జవాబు చెప్పండి. నార్త్ ఎవింగ్టన్‌లో 2022 నవంబర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. లేబర్ సీటు. కన్సర్వేటివ్ అభ్యర్థి సంజయ్ మోధ్వాడియా గెలిచారు. తర్వాత మేయర్ పదవికి పోటీ చేసింది ఆయనే. 19 మంది టికెట్లు పోయింది 2023లో. టికెట్ల గొడవకు ముందే సీటు పోతే కారణం టికెట్లు ఎలా అవుతాయి? ఆగస్టు 28 ఇండియా పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ రాత్రి మొదలై సెప్టెంబర్ మధ్య దాకా వీధుల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో మా వీధిలో పిల్లల్ని సాయంత్రం బయటికి పంపలేదు. నగరాన్ని నడిపే పార్టీ మా మాట వినలేదని జనం అనుకున్నారు. తప్పో ఒప్పో, అనుకున్నారు. ఆ కోపం బ్యాలెట్ మీద పడింది.

గోదారి అమ్మాయి

ఇద్దరూ సర్ పీటర్ సోల్స్‌బీని వదిలేసి మాట్లాడుతున్నారే!

లెస్టర్‌లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు. జీహెచ్‌ఎంసీలోలా కార్పొరేటర్లు చేతులెత్తి ఎన్నుకునే మేయర్ కాదు. సోల్స్‌బీ 2011లో ఆ పదవి పుట్టినప్పటి నుంచీ ఉన్నాయన. అంతకు ముందు లెస్టర్ సౌత్ ఎంపీ, ఇంకా ముందు కౌన్సిల్ నాయకుడు. 2019లో 60 శాతం దాటి ఓట్లొచ్చాయి. 2023లో 39 శాతం. గెలిచారు, కాదనను. కానీ ఆ పడిపోవడం చూడండి. 2023 మార్చిలో అసలు మేయర్ పదవే వద్దు, పాత పద్ధతికి వెళ్దాం అని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టింది ఎవరు? లేబర్ కౌన్సిలర్లే! తీర్మానం వీగిపోయింది, మద్దతిచ్చినవాళ్లలో కొందరిని పార్టీ సస్పెండ్ చేసింది. అధికారమంతా ఒక్కరి చేతిలో ఉందన్న చిరాకు పార్టీ లోపలే ముదిరిపోయింది. ఆఫీసు పార్కింగ్ మీద లెవీ, అంటే పన్ను, వేద్దామని కొన్నాళ్లు హడావిడి చేసి చివరికి వెనక్కి తగ్గారు, గుర్తుందా? కారేసుకుని పనికి వెళ్లేవాడికి అది మర్చిపోయే విషయం కాదు.

ఇంకొక్కటి. ఆ 39 శాతంతో గెలవడం కూడా కొత్త చట్టం పుణ్యమే. అంతకు ముందు మేయర్ ఎన్నికలో మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని రెండు గుర్తులు పెట్టేవాళ్లం. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరిని ఉంచి మిగతావాళ్ల రెండో ఓట్లు పంచేవారు. 2022 ఎన్నికల చట్టంతో అది పోయింది. 2023లో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. ఆ చట్టం తెచ్చింది కన్సర్వేటివ్ ప్రభుత్వం, లెస్టర్‌లో దాని లాభం లేబర్ మేయర్‌కు. నవ్వాలో ఏడవాలో తెలీదు.

బెల్‌గ్రేవ్ బావ

రెండో ఓట్లు లెక్కేసినా ఆయనే గెలిచేవారేమో. గ్రీన్ ఓటరు రెండో గుర్తు కన్సర్వేటివ్‌కి పెడతాడా?

గోదారి అమ్మాయి

పెట్టకపోవచ్చు. అప్పుడు సగం మంది మద్దతుతో కూర్చున్న మేయర్ అయ్యేవారు కదా! నేను అడిగేది అదే.

సీట్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. లెస్టర్‌లో 21 వార్డులు, ఒక్కో దానికి ఇద్దరో ముగ్గురో కౌన్సిలర్లు. ముగ్గురున్న వార్డులో ఓటరుకి మూడు ఓట్లు. ఎక్కువమంది ఒకే పార్టీకి మూడూ వేసేస్తారు. కాబట్టి వార్డులో కాస్త ముందున్న పార్టీ మూడు సీట్లూ ఎత్తుకుపోతుంది. 2019లో లేబర్‌కు 54లో 53 రావడం అలాంటిదే. ఊళ్లో వందకి 98 మంది లేబర్ వాళ్లు కారు కదా. కాబట్టి "కోట కూలింది" అనేముందు ఆ కోట ఎత్తు ఎంతో చూసుకోవాలి. కొంచెం గాలి మారితే మూడేసి సీట్ల చొప్పున పోతాయి. అలాగే పోయాయి.

కరీంనగర్ టు కోవెంట్రీ

అన్నా, అక్కా, మధ్యల వస్తున్న, తిట్టకుండ్రి. నేను మొన్న సెప్టెంబర్‌ల మాస్టర్స్‌కి వచ్చిన. మీరంత ఓటు ఓటు అంటున్నరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నోళ్లకు ఓటు ఉంటదా? మా రూంల ఎవ్వడు నమ్ముతలేడు.

పాలకొల్లు పెద్దాయన

ఉంది బాబూ. నువ్వు భారత పౌరుడివి, ఇండియా కామన్వెల్త్ దేశం. చెల్లే వీసా ఉండి ఇక్కడ నివసిస్తుంటే చాలు, కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా వెయ్యొచ్చు. ఆన్‌లైన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇచ్చి నమోదు చేసుకో, టీ చల్లారేలోపు అయిపోతుంది. పోలింగుకు 12 పని దినాల ముందే చెయ్యాలి. ఓటు సంగతి అటుంచు, ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకు మంచిది. రేపు ఫోన్ కాంట్రాక్ట్‌కైనా, బ్యాంకు కార్డుకైనా పనికొస్తుంది. మా వాళ్లు చాలామంది దాని కోసమే నమోదు చేసుకుని ఓటు దగ్గరికి మాత్రం వెళ్లరు!

నేను 2023లో వేశాను. గురువారం, సెలవు లేదు, ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా. మా బూత్ చర్చి హాల్లో. ఫోటో గుర్తింపు కార్డు చూపించాలన్న రూలు ఇంగ్లండ్‌లో ఆ మేలోనే మొదలు. ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది, కామన్వెల్త్ పాస్‌పోర్టు కాబట్టి. నా ముందు నిలబడ్డ ఇంగ్లీషు కుర్రాడు ఏ కార్డూ తేలేదు, ఇంటికి పంపేశారు. తిరిగొచ్చాడో లేదో! ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు. పొడుగాటి కాగితం, తాడుకు కట్టిన పెన్సిలు. నాకు మాత్రం ఆ పెన్సిలు చూస్తే భయమేసింది, ఎవరైనా చెరిపేస్తారేమోనని. సొంత పెన్ను వాడుకోవచ్చని అక్కడి ఆవిడ చెప్పింది.

నార్‌బరో రోడ్

బావగారూ, ఉప ఎన్నిక ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. నార్త్ ఎవింగ్టన్ ఫలితం మీద గొడవల నీడ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఒక వార్డులో జరిగింది 17 సీట్లు అవ్వాలంటే మధ్యలో ఇంకేదో కావాలి. ఆ ఉప ఎన్నిక తర్వాత లేబర్‌కు ఆరు నెలల టైముంది. ఆ ఆరు నెలల్లో తూర్పు వార్డుల్లో తిరిగి, తలుపు తట్టి, మాట్లాడాల్సిన మనుషుల్నే టికెట్లివ్వకుండా ఇంటికి పంపేశారు. కొత్త అభ్యర్థి గుమ్మంలో నిలబడితే ఆ ఇంట్లోవాళ్లకి అతను ఎవరో కూడా తెలీదు. కోపం ముందు నుంచీ ఉంది, దాన్ని చల్లార్చగలిగినవాళ్లు పోయారు. మీరు మొదటి సగమే చెప్తున్నారు.

బెల్‌గ్రేవ్ బావ

ఆ లెక్కన 2024 పార్లమెంటు ఎన్నికని ఎలా వివరిస్తారు? దేశమంతా కన్సర్వేటివ్‌లు మట్టి కరిచారు. వాళ్లు లేబర్ చేతిలోంచి లాక్కున్న సీటు ఒకే ఒక్కటి, లెస్టర్ ఈస్ట్. గెలిచింది శివానీ రాజా. పక్కనే లెస్టర్ సౌత్‌లో లేబర్ పెద్ద నాయకుడు జోనథన్ ఆష్‌వర్త్ 979 ఓట్లతో షాకత్ ఆడమ్ అనే స్వతంత్రుడి చేతిలో ఓడారు, గాజా యుద్ధం విషయం మీద. అటు హిందువుల కోపం, ఇటు ముస్లింల కోపం, రెండు వైపులా నష్టం లేబర్‌కే. ఇంతకన్నా ఏం కావాలి?

గోదారి అమ్మాయి

లెస్టర్ ఈస్ట్ పూర్తి కథ చెప్పండి మరి. పాత లేబర్ ఎంపీలు ఇద్దరు, కీత్ వాజ్, క్లాడియా వెబ్, అదే సీట్లో లేబర్‌కు ఎదురు నిలబడ్డారు. రాజా మెజారిటీ 4,426. ఆ ఇద్దరికీ కలిపి పడ్డ ఓట్లు దానికంటే చాలా ఎక్కువ. లేబర్ నిలబెట్టిన రాజేష్ అగ్రవాల్ లండన్ డిప్యూటీ మేయర్‌గా చేసినాయన. మతమే ఓటైతే, పేరు చూసి ఆయనకూ పడాలి కదా! మళ్లీ టికెట్టే, మళ్లీ పైనుంచి దింపిన అభ్యర్థే, మళ్లీ చీలిన ఓటే.

2021 జనాభా లెక్కల్లో లెస్టర్‌లో హిందువులు 18 శాతం లోపు, ముస్లింలు 23.5, క్రైస్తవులు 24.7, ఏ మతమూ లేదన్నవాళ్లు దాదాపు 23. ఏ ఒక్క గుంపూ సొంతంగా ఈ ఊరిని గెలిపించలేదు, ఓడించలేదు. సౌత్ విషయంలో మాత్రం మీ మాట కాదనను. అక్కడ గాజా లేకపోతే ఆష్‌వర్త్ ఓడేవారు కాదు.

బెల్‌గ్రేవ్ బావ

వార్డులో గెలవడానికి ఊరంతా అక్కర్లేదమ్మా, వార్డు చాలు. ఇందాక మీరే చెప్పారు, కాస్త ముందుంటే మూడు సీట్లూ వస్తాయని. బెల్‌గ్రేవ్‌లో హిందువులు 18 శాతం కాదు, చాలా ఎక్కువ.

మధ్యలో మల్లి

ఇంతకీ రెండేళ్లు చదువుకుని పోయేవాళ్లకు ఇక్కడి కౌన్సిల్ ఓటెందుకు? కౌన్సిల్ టాక్స్ కూడా కట్టరు, ఫుల్‌టైమ్ స్టూడెంట్లకు మినహాయింపు. పదేళ్లు కట్టినవాళ్ల ఓటూ, నిన్న దిగినవాళ్ల ఓటూ ఒకటేనా?

పాలకొల్లు పెద్దాయన

ఒకటే. వాడు ఉంటున్న ఇంటి గోడకి బూజు పడితే అడగాల్సింది కౌన్సిల్‌నే. ఐదుగురు, అంతకు మించి వేరువేరు కుటుంబాల వాళ్లు కలిసి ఉండే ఇంటికి యజమాని కౌన్సిల్ నుంచి లైసెన్స్ తీసుకోవాలి. అంతకన్నా చిన్న అద్దె ఇళ్లకు కూడా వెస్ట్‌కోట్స్, స్టోనీగేట్ లాంటి చోట్ల 2022 అక్టోబర్ నుంచి లెస్టర్ కౌన్సిల్ లైసెన్స్ పెట్టింది. ఆ ఇళ్లలో ఉంటున్నది ఎవరు? మన పిల్లలే. నాకు తెలిసిన ఒక ఇంట్లో బాయిలర్ పాడైతే యజమాని నెల దాటినా రాలేదు, కౌన్సిల్‌కు ఫిర్యాదు పెడతామనగానే మర్నాడే మనిషిని పంపాడు. టాక్స్ కట్టనివాడికి ఓటొద్దంటే ఈ దేశంలో ఎంతోమంది పేద ముసలాళ్ల ఓటూ తీసేయాలి.

నార్‌బరో రోడ్

ఇంకోటి గమనించారా? ఇంత చర్చలో ఎవరూ గెలిచిన 31 మంది గురించి మాట్లాడలేదు. 2023 తర్వాత కూడా మెజారిటీ లేబర్‌దే, మేయరూ వాళ్లే. 23 మంది ప్రతిపక్షం వచ్చాక కౌన్సిల్ మీటింగుల్లో కనీసం ఎదురు ప్రశ్న వినిపిస్తోంది. 53 సీట్లప్పుడు అడిగేవాడు ఒక్కడే. కారణం మతమైనా, టికెట్లైనా, ఆ ఒక్క మార్పు ఊరికి మంచిదే అంటాను, నేను లేబర్‌కే వేసినా.

బెల్‌గ్రేవ్ బావ

దీనికి మాత్రం ఎదురు చెప్పను.

కరీంనగర్ టు కోవెంట్రీ

పెద్దాయనా, నమోదు చేసుకున్న. మా కోవెంట్రీల పద్ధతి వేరే ఉందట, కౌన్సిల్‌కి జనం ఎన్నుకునే మేయర్ లేడు, కౌన్సిల్ లీడరే అంత చూస్కుంటడట. మా రూంల నేపాల్ తమ్ముడు కూడ అడుగుతున్నడు, తనకి ఓటు ఉంటదా అని.

పాలకొల్లు పెద్దాయన

నేపాల్ కామన్వెల్త్‌లో లేదు బాబూ, కాబట్టి అతనికి ఓటు లేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వాళ్లకు ఉంది.