అప్‌డేట్: కోల్డ్ స్టోరేజ్ టెంపరేచర్ ఫైళ్లు ఇప్పుడు సేవ్ అవుతున్నాయి

గుంటూరులో మా మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, కరెంటు పోయినప్పుడల్లా రాత్రి రీడింగులన్నీ మాయమవుతున్నాయని. కారణం దొరికింది. సాఫ్ట్‌వేర్ రీడింగులను మెమరీలోనే ఉంచుకుని, స్టాప్ నొక్కినప్పుడు మాత్రమే డిస్క్‌లోకి రాస్తోంది. ఇలా ఎవరు తయారుచేశారో గానీ! మీరు చెప్పినట్టే ఆటో సేవ్ ఆన్ చేసి, అర్ధరాత్రి దాటగానే కొత్త సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైల్) మొదలయ్యేలా పెట్టాను. ఫైల్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ. అలాగైతే ఫోల్డర్‌లో వరుస తప్పదు.

సెకనుకో రీడింగ్ కూడా మానేశాను. అలా రోజుకు 86,400 వరుసలు వస్తాయి. ఎక్సెల్ షీట్‌లో పట్టేవి 10,48,576 మాత్రమే, అంటే ఒకే ఫైల్ అయితే 12 రోజులకే నిండిపోతుంది. బస్తాల మధ్య ఉష్ణోగ్రత సెకన్లలో మారేది కాదు కాబట్టి నిమిషానికొకటి చాలు, రోజుకు 1,440.

ఇంకో తలనొప్పి మిగిలింది. నడుస్తున్న ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అది లాక్ అయిపోతోంది, లాగర్ రాయలేక ఆ కాసేపు డేటా ఉండట్లేదు. కాపీ తీసుకుని దాన్నే తెరవమని ఆఫీసులో కుర్రాళ్లకు చెప్పాను. వింటారో లేదో చూడాలి. యూపీఎస్ పెట్టమన్న అన్నకు థాంక్స్, ఆర్డర్ ఇచ్చేశాను.