స్టాఫ్ నొటేషన్‌లో పి, ఎఫ్ అక్షరాలు: ఎంత మెల్లగా, ఎంత గట్టిగా?

ప్రశ్న

కర్ణాటక సంగీతం కొన్నేళ్లు నేర్చుకున్నాక ఇటీవల పియానో మొదలుపెట్టాను. స్వరం మీద చుక్క ఉంటే తారస్థాయి అని, కింద ఉంటే మంద్రస్థాయి అని చదవడానికి అలవాటుపడ్డ నాకు, పాశ్చాత్య సంగీతాన్ని రాసే ఐదు స్టాఫ్ గీతల దగ్గర వాలుగా అచ్చువేసిన పి, ఎంపీ, ఎంఎఫ్, ఎఫ్ అనే అక్షరాలు కొత్త. ఇవి ధ్వని తీవ్రతను చెబుతాయని తెలుసు. అయితే పి అంటే ఎంత మెల్లగా? దానికి కొలత ఏమైనా ఉందా? ఏ అక్షరమూ లేని చోట ఎలా వాయించాలి?

మొదటి జవాబు

కొలత లేదండీ. పి అంటే ఇటాలియన్‌లో పియానో, అంటే మెల్లగా. ఎఫ్ అంటే ఫోర్టే, అంటే గట్టిగా. ముందు ఎం చేరితే మెజ్జో, అంటే ఒక మోస్తరుగా. పిపి అంటే ఇంకా మెల్లగా, ఎఫ్ఎఫ్ అంటే ఇంకా గట్టిగా. ఒక గుర్తు పెట్టిన తరువాత మరో గుర్తు వచ్చేదాకా అదే చెల్లుతుంది కనుక, ఖాళీగా కనిపించే చోట వెనక్కి వెళ్లి చివరి గుర్తు ఏదో చూసుకోవాలి.

ఇవన్నీ ఒకదానితో ఒకటి పోల్చి చూడవలసినవే. స్వరకర్త హైడన్ 1791లో రాసిన 94వ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన) రెండవ భాగం పి గుర్తుతో మొదలవుతుంది. అదే వరస రెండోసారి పిపిలో వినిపిస్తుంది. పదహారవ బార్‌లో (నిలువు గీతల మధ్య ఉండే తాళ విభాగంలో) ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా ఎఫ్ఎఫ్ వాయిస్తుంది. శ్రోత ఉలిక్కిపడేది ఆ దెబ్బ బలానికి మాత్రమే కాదు, దాని ముందు పరుచుకున్న నిశ్శబ్దం లాంటి పిపికి కూడా. మీ పి నిజంగా మెల్లగా లేకపోతే మీ ఎఫ్‌కు చోటే ఉండదు.

రెండవ జవాబు

పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. క్రెషెండో అన్న మాట గానీ, విచ్చుకునే రెండు గీతల గుర్తు గానీ కనిపించగానే చాలామంది గట్టిగా వాయించేస్తారు. ఆ గుర్తు క్రమంగా పెంచమని చెబుతుంది కాబట్టి, అది మొదలైన చోట ధ్వని ఇంకా తక్కువగానే ఉండాలి. అలాగే వరస తారస్థాయికి ఎక్కుతున్నకొద్దీ వేళ్ల బరువు తెలియకుండానే పెరుగుతుంది. స్థాయి వేరు, తీవ్రత వేరు అన్న సంగతి మీకు ఆ చుక్కల వల్ల ముందే తెలుసు.

మూడవ జవాబు

వాద్యాన్ని బట్టి కూడా గుర్తు అర్థం మారుతుంది. స్వరకర్త చైకోవ్‌స్కీ 1893 నాటి ఆరవ సింఫనీ మొదటి భాగంలో బసూన్ అనే ఊదే వాద్యానికి నాలుగు స్వరాల దగ్గర ఏకంగా ఆరు పీలు రాశాడు. అంత మెల్లగా ఊదడం ఆ వాద్యానికి కష్టం కనుక, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లు చాలామంది ఆ నాలుగు స్వరాలను బాస్ క్లారినెట్ అనే మరో ఊదే వాద్యానికి అప్పగిస్తారు. ఇక మీ కీబోర్డు వేలి ఒత్తిడికి స్పందించేదో కాదో చూసుకోండి. స్పందించకపోతే ఈ సాధన దాని మీద సాగదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాది స్పందించే కీబోర్డే. ఈ రోజు ఒకే వరసను పిపి నుంచి ఎంఎఫ్ దాకా పెంచుతూ వాయించి రికార్డు చేసుకుని విన్నాను. మూడో స్వరానికే ఎంఎఫ్‌కు చేరిపోతున్నాను.