ఐ8, ఎన్‌ఎస్‌ఎక్స్: చూపులకు ఏది, పరుగుకు ఏది?

ప్రశ్న: తొలిగేరు (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. గత నెల జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్ ముందు బీఎండబ్ల్యూ ఐ8 ఆగి ఉంటే చాలాసేపు నిలబడి చూశాను. తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయని ముందే తెలుసు గానీ, నన్ను కట్టిపడేసింది దాని వెనుక భాగం. పైకప్పు నుంచి జారుతూ వచ్చే పట్టీకీ, వెనుక చక్రం మీది వంపుకూ నడుమ చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. ఇంత అందమైన కారులో ఉన్నది 1.5 లీటర్ల, మూడు సిలిండర్ల ఇంజిను. ముందు చక్రాలను తిప్పే విద్యుత్ మోటారును కలుపుకొన్నా మొత్తం శక్తి సుమారు 360 హార్స్‌పవర్. దాదాపు ఇదే అమరికతో, అంటే వెనుక ఇంజిను, ముందు చక్రాలకు మోటార్లు ఉన్న హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌కు 573 హార్స్‌పవర్ ఉంది. అయినా చూపులకు నాకు ఐ8 నచ్చినంతగా అది నచ్చలేదు. ఐ8 రూపం దాని పరుగుకు నిజంగా తోడ్పడుతుందా, లేక అలంకారమేనా?

జవాబు: ఇరుసు (పుణె)

మీరు చూసిన ఆ ఖాళీ అలంకారం కాదండీ. గాలి దానిగుండా సాఫీగా జారిపోయి, కారు వెనుక సుడులు తిరగడం తగ్గుతుంది. ఐ8 గాలి నిరోధక గుణకం (గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.26; వెడల్పాటి స్పోర్ట్స్ కారుకు ఇది చాలా తక్కువ. మనుషులు కూర్చునే గది మొత్తం కార్బన్ ఫైబర్‌తో, కింది చట్రం అల్యూమినియంతో చేయడం వల్ల, బ్యాటరీని మోస్తూ కూడా బరువు 1,485 కిలోలకే ఆగింది. అందుకే అంత చిన్న ఇంజినుతోనూ 4.4 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది.

అయితే ముందు టైర్లను కూడా ఒకసారి చూడవలసింది. 20 అంగుళాల చక్రానికి వేసిన టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లే. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లకూ ఈ వెడల్పు టైర్లు వస్తాయి. సన్నని టైరు గాలి అడ్డునూ, రోడ్డు రాపిడినీ తగ్గిస్తుంది గానీ, వేగంగా మలుపు తీసుకునేటప్పుడు ముందు భాగమే మొదట పట్టు వదులుతుంది. నా దృష్టిలో ఐ8 బలహీనత ఇంజిను కాదు, ఆ టైర్లే.

జవాబు: మలుపుదారి (ఒహాయో)

నేనుండే చోటికి దగ్గర్లోని మేరీస్‌విల్‌లోనే ఎన్‌ఎస్‌ఎక్స్‌ను తయారుచేసేవారు. 2022లో టైప్-ఎస్ అనే చివరి రకం కార్లు 350 చేయడంతో ఉత్పత్తి ముగిసింది. ఒక మిత్రుడి కారులో పక్క సీట్లో కూర్చుని తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

ఎన్‌ఎస్‌ఎక్స్‌కు కూడా వెనుక అలాంటి ఖాళీయే ఉంది, కానీ దాని పని వేరు. పైకప్పు అంచు వెంట వచ్చే గాలిని అది పక్కనున్న రంధ్రాల్లోకి మళ్లించి, రెండు టర్బోలు (ఇంజినులోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరాలు) ఉన్న 3.5 లీటర్ల, ఆరు సిలిండర్ల వీ6 ఇంజినుకు అందిస్తుంది. ఐ8లో గాలిని సాగనంపడానికి పెట్టిన ఖాళీని ఇక్కడ గాలిని లోపలికి పిలవడానికి పెట్టారు. ఒక కారు తక్కువ శక్తితో దూరం పోవాలనీ, రెండవది ఎక్కువ శక్తిని పుట్టించి చల్లబరుచుకోవాలనీ అనుకోవడమే రెండింటి రూపాల్లోని తేడాకు మూలమని నాకు అనిపిస్తుంది.

ఎన్‌ఎస్‌ఎక్స్ అసలు గొప్పతనం మాత్రం బయటికి కనబడదు. ముందు చక్రాలకు ఒక్కోదానికి ఒక్కో మోటారు ఉంది. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఎడమ మోటారు తన చక్రాన్ని ముందుకు నెడుతుంటే, కుడి మోటారు తన చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచి, ఆ శక్తిని బ్యాటరీకి పంపగలదు. మలుపులో కూర్చున్నవారికి కారు ముక్కును ఎవరో చేత్తో పట్టి లోపలికి తిప్పినట్టుంటుంది. దాదాపు 1,725 కిలోల కారు అంత తేలిగ్గా తిరుగుతుందని నేను అనుకోలేదు.

తొలిగేరు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. చార్జింగ్ అయిపోతే రెండింటి బలమూ పడిపోదా?

జవాబు: ఇరుసు

ఎన్‌ఎస్‌ఎక్స్‌ను ప్లగ్గుకు తగిలించే అవసరమే లేదు. దాని చిన్న బ్యాటరీని బ్రేకులూ ఇంజినూ నింపుతుంటాయి. ఐ8ను ఇంట్లో చార్జ్ చేసుకుంటే పెట్రోలు లేకుండా కొంత దూరం, గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకూ నడపవచ్చు. స్పోర్ట్ మోడ్‌లో పెడితే నడుస్తూనే ఇంజిను బ్యాటరీని నింపుతుంది కాబట్టి, రోడ్డు మీద బలం చటుక్కున పడిపోదు. రోజూ ఊళ్లో తిరగడానికి నేనైతే ఐ8నే ఎంచుకుంటాను. ట్రాక్ మీదికి తీసుకువెళ్లేవారు మాత్రం ఎన్‌ఎస్‌ఎక్స్‌నే చూడాలి.