ఊర్వశిని గీస్తే క్యాలెండర్ బొమ్మ అవుతోంది, ఏం చేయాలి?

నీటిరంగులు:
కృష్ణశాస్త్రి గారి ఊర్వశి మీద నాలుగు నెలలుగా బొమ్మలు వేస్తున్నాను. చదువుతున్నంతసేపూ లోపల ఏదో కదులుతుంది, కాగితం మీదికి వచ్చేసరికి మబ్బులు, వెన్నెల, ఎగిరే కొంగు, పెద్ద కళ్లు, అంతే. కవి ఆమెని అందకుండా ఉంచితే నేను ముక్కూ చెవులూ పెట్టి కూర్చోబెడుతున్నాను. ఇలాంటి ఊహాప్రేమ కవిత్వం చదివి నిజంగా మంచి బొమ్మలు వేసినవాళ్లు ఉన్నారా? ఎలా వేశారు?

గట్టుమీద:
ఉన్నారండీ. 1848లో లండన్‌లో ఇరవై ఏళ్లకి అటూ ఇటూ ఉన్న, బొమ్మలేసే కుర్రాళ్లు కొందరు ప్రీ-రాఫెలైట్లమని పేరు పెట్టుకున్నారు, వాళ్లకి ఇంగ్లిష్ కవి కీట్స్ అంటే ప్రాణం. వాళ్లలో మిలే వేసిన ‘ఇసబెల్లా’ వెతికి చూడండి, 1849లో ప్రదర్శించాడు, ఇప్పుడు లివర్‌పూల్ వాకర్ గ్యాలరీలో ఉంది. కీట్స్ కథలో అన్నలు చెల్లెలి ప్రియుణ్ణి చంపేస్తారు, ఆమె అతని తలని తులసి జాతి మొక్క ఉన్న కుండీలో దాచుకుని కన్నీళ్లతో తడుపుతుంది. ఎవరైనా ఆ కుండీనే గీస్తారు (ఆ బృందంలోనే ఉన్న హంట్ తర్వాత అదే వేశాడు). మిలే మాత్రం భోజనాల బల్ల వేశాడు. భోజనానికి కూర్చుంటే పక్కపక్కన ఉన్నందుకే ఆ ఇద్దరికీ హాయిగా ఉండేదని కీట్స్ మొదట్లోనే అంటాడు, మిలే పట్టుకున్నది ఆ కాస్త మాటే. ప్రియుడు కోసిన నారింజని ప్లేటులో అందిస్తుంటాడు, ఎదురుగా ఉన్న అన్న కాలు బారచాపి ఆమె ఒళ్లో తల పెట్టుకున్న కుక్కని తంతుంటాడు. ఆ కాలు చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ. బల్ల దగ్గర ఉన్నవాళ్లు చాలామంది మిలే బంధువులూ స్నేహితులే, నోరు తుడుచుకుంటున్న పెద్దాయన వాళ్ల నాన్న.

పాతపేజీ:
మంచి ఉదాహరణ. కానీ కవితలో ఉన్నదాన్నే పట్టుకోవాలని నేను అనుకోను. ఇంగ్లిష్ కవి టెన్నిసన్ కవితలో షాలట్ దీవిలో ఒకామె ఉంటుంది, లోకాన్ని అద్దంలోనే చూస్తూ నేత నేస్తుంటుంది, ఒక్కసారి నేరుగా బయటికి చూడగానే అద్దం పగిలి శాపం తగులుతుంది. 1857లో టెన్నిసన్ కవితలు బొమ్మలతో వచ్చిన పుస్తకానికి హంట్ ఆమె జుట్టు తుఫానులో చిక్కుకున్నట్టు, దారాలు ఒంటికి చుట్టుకున్నట్టు వేశాడు. నేను రాయనిది ఎందుకు వేశావని టెన్నిసన్ గొడవపడ్డాడు. మీకు పదిహేను పేజీలున్నాయి, నాకున్నది అర పేజీ అన్నాడు హంట్. నేను పూర్తిగా హంట్ వైపు. ఆ బొమ్మని ఆయన వదల్లేదు, ముసలితనంలో పెద్ద తైలవర్ణ చిత్రంగా మళ్లీ వేశాడు.

కిటికీపక్క:
ఇద్దరూ ఎలిజబెత్ సిడాల్‌ని మర్చిపోయారు. షేక్‌స్పియర్ నాటకంలో నీళ్లలో మునిగి చనిపోయే ఒఫీలియాని మిలే వేసిన బొమ్మ కోసం చలికాలంలో నీళ్ల తొట్టెలో పడుకుని జబ్బుపడిన మోడల్ అంటే అందరికీ తెలుసు, ఆమె కూడా చిత్రకారిణి అని, కవితలు రాసిందని తెలిసినవాళ్లు తక్కువ. 1853లో ఆమె కూడా ఆ షాలట్ అమ్మాయినే గీసింది. జుట్టు ఎగరదు, ఒళ్లు మెలితిరగదు. మగ్గం ముందు కూర్చుని పని మధ్యలో కిటికీ వైపు తల తిప్పిన మనిషి, వెనక పగిలిన అద్దం, అంతే. ఆ బృందంలోని రొజెట్టి చెల్లెలు క్రిస్టీనా 1856లో ఒక కవిత రాసింది, ఒక చిత్రకారుడి అన్ని కాన్వాసుల్లోనూ ఒకే అమ్మాయి ముఖం, అదీ ఆమె ఉన్నట్టు కాదు, అతని కలలో ఉన్నట్టు అని. నీటిరంగులు గారూ, మీ ఊర్వశికి వస్తున్న కష్టం ఇదేనేమో చూడండి.

నీటిరంగులు:
రాత్రంతా ఆ బొమ్మలే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఊర్వశినే గీశాను, ఆమె కోసం ఎదురుచూసేవాణ్ణి ఒక్కసారీ గీయలేదు. కవిత నిండా ఉన్నది అతనే కదా! మా నాన్నగారు రాత్రిళ్లు కరెంటు పోతే వరండాలో ఒక్కరే వీధి వైపు చూస్తూ కూర్చుంటారు, ఆయన్నే కూర్చోమని అడిగాను, సరే అన్నారు. పెద్ద కాగితం తీసుకోవాలో చిన్నది చాలో ఇంకా తేల్చుకోలేదు.